తలుపుకి ఒంటి సాక్సు

ఆ ఇంట్లో కాలింగ్ బెల్లుకీ పసివాడి నిద్రకీ పాముకీ ముంగిసకీ ఉన్నంత స్నేహం. వాడు కళ్ళు మూస్తే అది మోగేది. అది మోగితే వాడు కళ్ళు తెరిచేవాడు. వాడు కళ్ళు తెరిచాక ఆ మేడలో ఇంకెవరూ మూసుకోవడానికి వీల్లేదు, గొంతు అలాంటిది. ఇంకా పళ్ళు రాలేదు గాని పెత్తనం వచ్చేసింది. అందుకని ఇంటిల్లిపాదీ వాడిని దొరగారనేవారు.

దొరగారి తల్లి ఆ ఇంటి కోడలు. ఆమె చదువు పదో తరగతి గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు విప్పకుండానే వెనక్కి వచ్చేసింది. భయం మాత్రం పెద్ద చదువులే చదివింది. పిల్లవాడు పడుకోకపోతే ఎందుకు పడుకోలేదని భయం. పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని భయం. ఆడుతోందని తెలిశాక, ఆ వేలు తగిలి లేస్తాడేమోనని ఇంకో భయం.

ఒక మధ్యాహ్నం దొరగారు గంటసేపు ఏడ్చి, అప్పుడే నిద్రలోకి జారుకున్నారు. బెల్లు మోగింది. తలుపు తీస్తే కొరియర్ అతను.

"ఎదురింటి పార్శిలమ్మా. వాళ్ళు తీయట్లేదు. మీరైతే తీస్తారు కదా అని."

పార్శిల్ ఒక చేత్తో, గుక్కపట్టిన పిల్లవాణ్ణి ఒక చేత్తో పట్టుకుని కోడలు వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద పాలతో మాట్లాడింది. ఇంట్లో ఆమె మాట అడ్డు చెప్పకుండా వినేవి అవొక్కటే.

"ఆ ఫోనులో ఇన్ని బటన్లు పెట్టారు. లోపల పిల్లాడు పడుకున్నాడు, బెల్లు కొట్టకండి అనే బటన్ ఒక్కటి పెట్టలేకపోయారు. ఇక్కడ నొక్కితే వచ్చేవాడికి వాడి ఫోనులో కనపడేట్టు."

"వదినా, ఇంకోసారి చెప్పు."

గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది.

"పాలు పొంగుతున్నాయి అమ్మాయ్."

"పొంగనీ. బటన్ సంగతి చెప్పు."

ఆడపడుచుది సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఒకళ్ళు కట్టిన యాపుల్లో తప్పులు వెతికి వాళ్ళ మొహాన చెప్పడం ఆమె పని. ఆ వంశంలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం వచ్చిన మొదటి మనిషి ఆమే. ఏడాదిగా ఆ కుర్చీలోంచి లేచి సొంతంగా ఒక యాప్ పెట్టాలని చూస్తోంది. యాప్‌కి పేరు 'ఉష్' అని పెట్టేసింది. పెదాల మీద వేలున్న బొమ్మ కూడా గీయించింది. ఆ యాప్ ఏం చెయ్యాలన్నదొక్కటే తట్టలేదు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆలూ ఉంది, కొడుకూ ఉన్నాడు, వాడు పడుకోకపోవడమే సమస్య.

ఆ సాయంత్రమే ఆడపడుచు తేల్చి చెప్పింది. ఈ సోమవారం కాదు, పై సోమవారం మేనేజరుకి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేస్తుంది. ఆలోగా ఐడియా నిలుస్తుందో లేదో పరీక్షించాలి.

"ఉన్న కుర్చీ వదిలేసి ఎక్కడ కూర్చుంటావే?" అంది అత్తగారు.

"నా కంపెనీలో నాకు కుర్చీ ఉండదా అమ్మా."

"ఉంటుంది. జీతమే, ఎవరిస్తారని."

కోడలి భర్త లిఫ్టు మెకానిక్కు. లోకులందరినీ పైకి చేర్చి, లిఫ్టు లేని ఆ మేడలో నాలుగంతస్తులు ఎక్కి ఇంటికి వచ్చేవాడు. అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"నేను చూసే లిఫ్టుల్లో చాలావాటికి తలుపు మూసే బటన్ వెనక వైరే ఉండదు చెల్లాయ్. అయినా ఎక్కినవాడల్లా దాన్నే నొక్కుతాడు."

"దానికీ దీనికీ సంబంధం ఏమిటన్నయ్యా?"

"ఏమో. గుర్తొచ్చింది."

ఆ పూట కోడలు కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలిపింది. ఐడియా బాగుంటే ఆడపడుచుది, పాడైతే తనది. 'కోడలి మాట పట్టుకుని బంగారంలాంటి ఉద్యోగం వదులుకుంది పిల్ల' అన్న మాట ఏ పెద్దమ్మ ఏ గొంతుతో అంటుందో, మధ్యలో ఎక్కడ దగ్గుతుందో కూడా ఆమెకు వినబడుతోంది. అలాగని వద్దనడానికీ నోరు రాలేదు. ఆ ఇంట్లో ఆమెతో 'ఇంకోసారి చెప్పు' అని అన్నవాళ్ళు అంతకుముందు లేరు. ఆడపడుచు ఆ రోజు నుంచి "ఫౌండర్ గారూ" అని పిలవడం మొదలుపెట్టింది. కోడలు దాని అర్థం అడిగి తెలుసుకుని, అలా పిలవొద్దంది. తరువాత ఎప్పుడు పిలుస్తుందా అని చెవి ఒగ్గి ఉండేది.

పరీక్ష మొదలైంది. ఇంటింటికీ వెళ్ళి, ఇలాంటి యాప్ ఉంటే వాడతారా అని అడగాలి. వదినా ఆడపడుచులు బయలుదేరుతుంటే అత్తగారు కొంగు దోపుకుని ముందు నడిచింది.

"మీకు అడగడం రాదు. నేను మాట్లాడతా."

మాట్లాడింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే వరస. "మా కోడలికి వచ్చిన ఆలోచనమ్మా. పసివాడితో నలిగిపోతూ కూడా ఆలోచించింది పిచ్చిపిల్ల. మా అమ్మాయి దీనికోసం ఉద్యోగం మానేస్తోంది. మరి మీకు నచ్చిందా?" ఈ ముక్క అంటున్నంతసేపూ దొరగారు ఆమె చంకలో ఉండి, ఎదుటివాళ్ళ మొహంలోకి కన్నార్పకుండా చూసేవారు.

అంతా నచ్చిందన్నారు. కొందరు కంటతడి కూడా పెట్టుకున్నారు. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం అడ్డంగా తలూపారు.

"నాకు బెల్లు కొట్టేవాళ్ళే లేరమ్మా. ఎవరైనా కొడితే బాగుణ్ణని కూర్చుంటాను."

"ఈయన్నెందులో వేద్దాం?" అంది ఆడపడుచు మెట్ల మీద.

"పెద్దమనిషి. అవునన్నవాళ్ళలో వెయ్యి, బాధపడతాడు" అంది అత్తగారు.

ఇంటికొచ్చేసరికి నూటికి నూరు మందీ అవునన్నట్టు తేలింది. ఆడపడుచు మొహం వెలిగిపోతోంది. కోడలి మొహం మాత్రం ఫ్యూజు పోయినట్టుంది.

"మళ్ళీ ఏమైంది ఫౌండర్ గారూ?"

"నేను కాపురానికొచ్చిన కొత్తల్లో చుట్టాలొస్తే వంట చేశాను, గుర్తుందా? కంగారులో ఉప్పు రెండుసార్లు వేశాను."

"గుర్తుండకేం. అందరూ ఎంత మెచ్చుకున్నారని."

"మెచ్చుకున్నారు. ఆ పూట ఖాళీ అయింది మంచినీళ్ళ బిందె ఒక్కటే. మారు వడ్డించుకున్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

ఆడపడుచు లెక్క రాసుకున్న కాగితం మడిచేసింది. ఆఫీసులో ఎంత పెద్దవాడు కట్టినదాన్నయినా ముందు అనుమానించే మనిషి, తనదనేసరికి ఆ గుణం గుమ్మం బయట వదిలినట్టయింది.

"సరే. అడగొద్దు, ఆడించి చూద్దాం," అంది. "యాప్ కట్టకుండా, చేత్తోనే. బటన్ నొక్కే బదులు తలుపుకి ఏదన్నా తగిలిద్దాం. తగిలించి ఉంటే లోపల నిద్ర. వారం నడిస్తే, సోమవారం నేను ధైర్యంగా చెప్తాను."

ఏం తగిలించాలన్నది వెతుక్కోనక్కరలేకపోయింది. ఆ ఇంట్లో కావలసినన్ని ఉన్నవి ఒంటి సాక్సులే. దొరగారు ఒక కాలి సాక్సు ఉంచుకుని రెండోది లోకానికి దానం చేసేవారు. ఎర్రది తమ తలుపుకి కట్టుకున్నారు. పచ్చది, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సమ్మకి ఇచ్చారు. నీలం రంగుది రెండో అంతస్తులో కవలల తల్లికి ఇచ్చారు. మనిషి నిద్రపోగానే తగిలించాలి, లేవగానే దించాలి. నియమం అంతే.

మొదటి రోజు పొద్దున్న సాక్సు తగిలించి, కోడలు పిల్లవాడి పక్కన నడుం వాల్చిందో లేదో బెల్లు మోగింది.

"అమ్మా, ఎవరిదో సాక్సు మీ తలుపుకి చిక్కుకుంది. పడిపోతుందేమో, లోపల పెట్టుకోండి" అని నీళ్ళ క్యాన్ల అతను వినయంగా అందించాడు.

అతను దిగాక మళ్ళీ తగిలిస్తే, కాసేపటికి కొరియర్ అతను బెల్లు కొట్టాడు. దాన్ని చూసి కొట్టొద్దని అర్థమా అని అడిగి నిర్ధారించుకోవడానికి కొట్టానన్నాడు. మేడ మీది పిన్నిగారు కొట్టలేదు. సాక్సు ఎందుకు కట్టారు, దిష్టికా అని తలుపు సందులోంచి గట్టిగా అడిగింది.

ఆ మర్నాడు అత్తగారు మెట్ల మీద పీట వేసుకుని కూర్చుంది. ఎక్కేవాణ్ణీ దిగేవాణ్ణీ ఆపి, సాక్సు శాస్త్రం బోధించింది. "ఉంటే నిద్ర, లేకపోతే మెలకువ. ఉన్నప్పుడు కొట్టావో, లేచినవాణ్ణి నువ్వే ఎత్తుకుని పడుకోబెట్టాలి." ఈ చివరి మాట బాగా పనిచేసింది. బుధవారం నుంచి ఆ మేడలో బెల్లు మోగడం ఆగిపోయింది.

"ఇంకేం కావాలి వదినా?" అంది ఆడపడుచు. సోమవారం కట్టుకునే బట్టలు తీసి, మంచం మీద పరిచి చూసుకుంది.

గురువారం మధ్యాహ్నం దొరగారు నిద్ర లేచారు. కోడలు సాక్సు దించడానికి తలుపు దాకా వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. మేడ మీది పిన్నిగారిది. ఆవిడ రోజూ ఆ వేళకే వస్తుంది. వచ్చి పిల్లవాడి జబ్బ పట్టుకుని, "ఏమిటమ్మాయ్, నిన్నటి మీద ఇవాళ చిక్కాడు, పాలు సరిపోతున్నాయా?" అని అడిగి వెళ్ళిపోతుంది. ఆవిడ వెళ్ళాక కోడలు పిల్లవాణ్ణి తూకం చూసినట్టు పైకీ కిందకీ ఎత్తుతూ సాయంత్రం చేసేది.

కోడలు కదలకుండా నిలబడింది. చెప్పుల చప్పుడు గుమ్మం ముందు ఆగింది. ఒక నిట్టూర్పు వినిపించింది. మళ్ళీ చప్పుడు మెట్లెక్కి పోయింది.

గడియ మీంచి చెయ్యి తీసేసి వచ్చి, ముందు గదిలో నేల మీద కూర్చుంది. ఒళ్ళో దొరగారు ఇంకో ఒంటి సాక్సుని నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నారు. కిటికీలోంచి ఎండ పడి గచ్చు మీద పలకలా ఉంది. వాడు ఆ ఎండని పట్టుకోబోయి, చేతికి రాకపోతే పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎవరూ రావడం లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు. వాడు మెలకువగానే ఉన్నాడు గనక ముక్కు దగ్గర వేలు కూడా పెట్టనక్కరలేదు. అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు.

ఎండ గోడెక్కాక తలుపు తీస్తే, మెట్ల మీద కూరగాయల సంచీతో అత్తగారు కూర్చుని ఉంది.

"ఎప్పుడొచ్చారత్తయ్యా?"

"చాలాసేపైంది. సాక్సు ఉంది కదా."

"మీరు ఇంటివాళ్ళు. మీకేమిటి?"

"ఊరంతటికీ నీతి చెప్పి నేను తప్పుతానా? దొరగారు బాగా పడుకున్నారనుకుంటా. నిద్రలో నవ్వుతున్నారు కూడా, ఇక్కడికి వినిపించింది." సంచీ పట్టుకుని లేచింది. కోడలి వంక చూడకుండా లోపలికి వెళ్ళింది. "వంకాయలు కాస్త వాడాయి, నీళ్ళు చల్లు" అంది.

కోడలు వంకాయల మీద నీళ్ళు చల్లింది. మనసు మాత్రం కుదుటపడలేదు. శుక్రవారం సాక్సు ఉండగానే బెల్లు మోగింది. నీళ్ళ క్యాన్ల అతను.

"సాక్సు ఉంది కదా బాబూ."

"అదెప్పుడు లేదమ్మా? ఉందని రెండు రోజులు క్యాను పట్టుకుని వెనక్కెళ్ళాను. రెండో అంతస్తులోదీ అంతే, దిగదు. నర్సమ్మగారు డ్యూటీకెళ్ళినా, సాక్సు మాత్రం ఆవిడ ఇంట్లో పడుకునే ఉందంటుంది. నీళ్ళు కావాలంటే నేను కొట్టాల్సిందే, ఏమనుకోవద్దు."

శనివారం కోడలు దొరగారిని చంకనేసుకుని, అత్తగారు చూడకుండా రెండో అంతస్తుకి దిగింది. తలుపుకి నీలం సాక్సు ఉంది. లోపల ఇద్దరు పిల్లలు గిన్నెలు బాదుతున్న మోత. వేలితో మెల్లగా తట్టింది. మోత ఆగిపోయింది. లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు తెలిసింది. ఆ నిశ్శబ్దం ఆమెకు బాగా తెలిసినదే.

"నేనే అక్కా. పిల్లాడితో వచ్చాను. ఏమీ అడగడానికి కాదు. అంటే, ఒకటే అడగడానికి."

తలుపు జానెడు తెరుచుకుంది. కవలల తల్లి కోడల్ని చూసి లోపలికి లాగి, మళ్ళీ గడియ పెట్టింది.

"పిల్లలు పడుకున్నప్పుడే కదా అక్కా తగిలించాలి?"

"మా ఇంట్లో ఇద్దరూ ఒకేసారి పడుకున్నదెప్పుడు? ఆ లెక్కన నేను సాక్సు తగిలించనే అక్కర్లేదు."

"మరి?"

"మరేముంది. ఇది ఉంటే ఎవరూ రారు. ఇల్లిలా ఎందుకుందనరు. వీడు ఇంకా నడవట్లేదేమనరు. పడుకున్నది నేననుకో పోనీ." ఒక పిల్లవాణ్ణి పెద్ద గిన్నెలోంచి తీసి, రెండో వాణ్ణి అందులో కూర్చోబెట్టింది. "నువ్వు మాత్రం రోజంతా ఎందుకు కట్టి ఉంచుతున్నావు?"

కోడలు ఆ ప్రశ్నను దాటేసింది. "ఇదే ఫోనులో బటన్ అయితే వాడతావా?"

"ఛ. ఫోనైతే ఎప్పుడు నొక్కానో ఎంతసేపు నొక్కానో అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. మా ఆయన చూస్తాడు, మా అత్తగారు అడుగుతుంది. సాక్సయితే, అయ్యో దించడం మరిచిపోయానంటే సరి."

"అడిగినప్పుడు వాడతానన్నావు కదక్కా."

"మీ అత్తగారు అలా అడిగితే కిడ్నీ కూడా ఇస్తాననేదాన్ని."

ఆదివారం సాయంత్రం ఆడపడుచు సోమవారం బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ముందుకీ వెనక్కీ నడుపుతూ గోడతో అంటోంది. "సార్, మీతో ఒక మాట చెప్పాలి. కాదు. సార్, నేనొక నిర్ణయానికి వచ్చాను."

కోడలు గుమ్మంలో నిలబడింది. నిలబడి లోపలికి వెళ్ళి పిల్లవాడికి దుప్పటి సర్ది వచ్చింది. వాడి మీద దుప్పటి అప్పటికే సర్ది ఉంది. చెప్పకపోతే రేపు ఈ పిల్ల ఉద్యోగం పోతుంది. చెబితే ఇంట్లో 'ఇంకోసారి చెప్పు' అనేవాళ్ళు మళ్ళీ ఉండరు.

"అమ్మాయ్, సాక్సు అబద్ధమాడుతోంది."

"సాక్సా?"

"అందరివీ. నాదీను. దొరగారు లేచి ఆడుకుంటున్నా నేను దించట్లేదు. నర్సమ్మ ఇంట్లో లేకపోయినా దించట్లేదు. కవలల వాళ్ళింట్లో అసలు నిద్రన్నదే లేదు."

ఆడపడుచు పెట్టె నిలబెట్టి ఆలోచించింది. "అంటే పొద్దస్తమానం వాడుతున్నారన్న మాట. మంచిదే కదా వదినా?"

"ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరు నమ్ముతారు? నీళ్ళతను అప్పుడే నమ్మడం మానేశాడు. వాళ్ళకి కావలసింది పిల్లల నిద్ర సంగతి చెప్పడం కాదు, ఎవరూ రాకుండా కాసేపు తలుపేసుకోవడం. అది ఫోనులో అయితే నొక్కరట. ఫోను సాక్ష్యం చెబుతుందట."

"ఎవరన్నారు?"

"వాడతానని మనతో అన్నవాళ్ళే."

ఇస్త్రీ పెట్టె తనలో తాను టిక్కుమంది. ఆడపడుచు దాని ప్లగ్గు తీసేసింది.

"వదినా, ఇది నీ ఐడియా."

"అందుకే చెబుతున్నా. వేరేవాళ్ళదయితే చాలా బాగుందనేదాన్ని."

ఆడపడుచు ఇస్త్రీ అయిన బట్టల్ని ఒకసారి చూసి, మడతపెట్టడం మొదలుపెట్టింది. "ఆఫీసులో ఎవరి యాపులోనైనా ఇంత తప్పు పడితే నాకు ఆ రోజంతా హుషారుగా ఉంటుంది," అంది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

ఆ పూట భోజనాల దగ్గర భర్త, "ఆ వైరు లేని బటన్ సంగతి..." అని ఎత్తబోతే అత్తగారు అతని కంచంలో ఇంకాస్త అన్నం వేసింది.

సోమవారం ఆడపడుచు ఇస్త్రీ బట్టలు కట్టుకునే ఆఫీసుకి వెళ్ళింది. మేనేజరు తానే పలకరించాడట, ఏదో చెప్పాలన్నావేమిటని. కుర్చీ కిర్రుమంటోంది సార్ అందట. మధ్యాహ్నానికల్లా కొత్త కుర్చీ వచ్చిందట.

ఇక్కడ మేడలో ఆ రోజే ఒక చిన్న మార్పు జరిగింది. ఎదురింటి పార్శిల్ తెచ్చిన కొరియర్ అతన్ని అత్తగారు మెట్ల దగ్గరే పట్టుకుని, తీయని ఇళ్ళవన్నీ కింద మాస్టారి ఇంట్లో ఇమ్మంది. అతను వెళ్ళి బెల్లు కొట్టాడు. ఆ మోత పూర్తి కాకముందే తలుపు తెరుచుకుంది. కొరియర్ అతను మళ్ళీ బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. దీనికి ఎవరూ యాప్ కట్టలేదు.

సాక్సుల్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు.

సాయంత్రం ఆడపడుచు నాలుగంతస్తులూ ఎక్కి వచ్చేసరికి తలుపుకి ఎర్ర సాక్సు ఉంది. మెట్ల మీద అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. ఆడపడుచు చెప్పులు విప్పి పక్కన కూర్చుని ఒక గుప్పెడు తీసుకుంది. లోపలి నుంచి పకపకమని పిల్లవాడి నవ్వు. వెనకే ఇంకో నవ్వు.

"పడుకున్నారు" అంది అత్తగారు.

"అలాగే ఉంది" అంది ఆడపడుచు.

గిన్నె సగం నిండాక గడియ తీసిన చప్పుడైంది. కోడలు తల బయట పెట్టి ఇద్దరినీ చూసి, గబగబా సాక్సు దించబోయింది. ఆమె కళ్ళు ఆడపడుచు మొహంలో కోపం ఎక్కడుందో వెతుకుతున్నాయి. పొద్దుటి నుంచీ ఆమె భయమంతా దాని గురించే.

ఆడపడుచు ఒలిచిన గింజలు గిన్నెలో వేసి చేతులు దులుపుకుంది.

"ఫౌండర్ గారూ, నా గది తలుపుకి కూడా ఒకటి దొరుకుతుందా?"

కోడలు సాక్సుని అలాగే వదిలేసింది.

"ఏ రంగు?" అంది.